బుడ్డలు ఆరాకే తూకం: కోత పండుగపై పాఠకుల ప్రశ్నలు

పండినదాంట్లో కొంత మందిరానికి కానుకగా తెచ్చి, కృతజ్ఞత చెప్పి, ఆ కానుకలను వేలం వేసే క్రైస్తవుల కోత పండుగ దగ్గరపడే కొద్దీ ఉత్తరాలన్నీ ఆ విషయం మీదే వస్తున్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. జవాబులు రాసినవాళ్ళలో సంఘం లెక్కలు చూసేవాళ్ళు, విందు వంటలు దగ్గరుండి చేయించేవాళ్ళు, సేద్యం ఎరిగినవాళ్ళు ఉన్నారు. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేశాం.

ప్రశ్న: మా సంఘంలో కోత పండుగ ఏటా నవంబరు చివరి ఆదివారం. అప్పటికి సగం ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి. ముసలివాళ్ళు, చిన్నపిల్లలే మిగులుతారు. తేదీ మార్చమంటే “పెద్దలు పెట్టింది, కదపకూడదు” అంటున్నారు. ఏం చెప్పాలి?
– స్త్రీల సమాజ కార్యదర్శి, ఆదోని దగ్గర

పెద్దలు ఆ తేదీ పెట్టిన నాటికి ఊరు ఊళ్ళోనే ఉండేదేమో. ఇప్పుడు కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి పత్తి తీయడానికి, మిరపకాయ కోతకు గుంటూరు దిక్కు పోయే కుటుంబాలు ఎన్నో మీకు మేం చెప్పనక్కర్లేదు. కోసిన చేతులు లేకుండా కోత పండుగ చేస్తే అది పేరుకే పండుగ. కాబట్టి తేదీ పెట్టే ముందు కమిటీ వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఏ పంట ఎప్పుడు వస్తుందని కాదు, మన వాళ్ళు ఊరు వదిలి ఎప్పుడు పోతారని.

మీ వైపు పంటల లెక్క కూడా దీనికి అడ్డు రాదు. జూన్ ఆఖరున, జూలై మొదట్లో వేసిన బుడ్డలు, అంటే వేరుశనగ, 105 నుంచి 120 రోజుల్లో పీకుడుకు వస్తాయి. కొర్ర 80, 90 రోజులకే చేతికి వస్తుంది. అక్టోబరు చివరికి ఈ రెండూ కల్లంలో ఉంటాయి, పత్తి మొదటి తీత కూడా అయిపోయి ఉంటుంది. 2026లో దీపావళి నవంబరు 8, ఆదివారం. మీరు అక్టోబరు 25 గానీ నవంబరు 1 గానీ పెట్టుకోండి. నవంబరు 29న క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం మొదలవుతుంది కాబట్టి ఆ ఆదివారం ఎలాగూ కోత పండుగకు నప్పదు. క్రిస్మస్ పాటల సాధన, కోత పండుగ వేలం ఒకే వారంలో పెట్టుకుంటే రెండూ చెడతాయి.

ఇదే తేదీ అందరికీ సరిపోదు. సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువ కింద ఆగస్టులో సోనా మసూరి నాటిన ఊళ్ళలో కోత నవంబరు చివర, డిసెంబరులో పడుతుంది. నల్లరేగడిలో శనగ, తెల్లజొన్న వేసే నంద్యాల, జమ్మలమడుగు వైపు పంట జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. మైదుకూరు, దువ్వూరు పసుపు తవ్వకం ఇంకా ఆలస్యం. అలాంటి ఊళ్ళు ఫిబ్రవరి మొదటి వారం చూసుకోవాలి, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు మొదలుకాక ముందే. 2027లో వాటి మొదటి రోజు, భస్మ బుధవారం, ఫిబ్రవరి 10, కాబట్టి జనవరి 31 గానీ ఫిబ్రవరి 7 గానీ. పంటంతా ఇంటికి చేరేదాకా ఆగనక్కర్లేదు. తెచ్చేది ప్రథమ ఫలం, మొత్తం ఫలం కాదు.

అక్టోబరు, నవంబరు పెట్టుకున్నవాళ్ళకు ఇంకొక మాట. ఈశాన్య రుతుపవనం, తుపాన్లు కడప మీద ఆ రెండు నెలల్లోనే పడతాయి. షామియానా మీద నమ్మకం పెట్టుకోకండి. ధాన్యం దించడానికి పైకప్పు ఉన్న గది ఒకటి ముందే ఖాళీ చేయించండి.

ప్రశ్న: ఇది సంక్రాంతికి క్రైస్తవులు పెట్టుకున్న మారుపేరని మా క్లాస్‌మేట్స్ అంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నంద్యాల

కాదు. రెండింటి వెనకా కల్లం ఉంది కాబట్టి పోలికలు ఉంటాయి, అంతే. నిర్గమకాండము 23:16లో రెండు పండుగలు చెప్పారు. ఒకటి తొలిపంట కోతప్పుడు, ఇంకొకటి ఏడాది చివర ఫలాలన్నీ కూర్చుకున్నాక. పాలస్తీనాలో గోధుమ వేసవి మొదట్లో, ద్రాక్ష, ఒలీవ సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. గంపలో ప్రథమ ఫలాలు పెట్టుకుని పోయే పద్ధతి ద్వితీయోపదేశకాండము 26లో ఉంది. ఇప్పుడు మనం మందిరంలో చేసే తీరు, అంటే ప్రభు భోజనపు బల్ల ముందు పంట పెట్టి కృతజ్ఞత ఆరాధన చేయడం, ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే చర్చి గురువు 1843లో ఇలాంటి ఆరాధన జరిపించాడు. దాని తరవాతే ఇది ఊరూరా పాకింది. మన జిల్లాల్లో నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంస్థ మిషనరీలు, కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్ వాళ్ళు పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు లండన్ మిషన్ పాయ అందులో కలిసింది, నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు చేరలేదు, ఆ తర్వాతే కలిశారు. ఊరికీ ఊరికీ పండుగ పద్ధతిలో తేడా కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: నేను సంఘం కోశాధికారిని. పోయిన ఏడాది చెనిక్కాయలు (బుడ్డలే) 11 బస్తాలు వచ్చాయి, బస్తా 40 కిలోల లెక్కన 440 కిలోలు పుస్తకంలో రాశాం. మూడు వారాల తర్వాత అమ్మితే 296 కిలోలే తూగాయి. “మిగతా 144 ఎవరింటికి పోయింది” అని సంఘంలో గొడవ. నేను ఒక్క కాయ ముట్టలేదు. ఇది ఎలా జరిగింది?
– కళ్యాణదుర్గం దగ్గర

గాలికి పోయింది. కాయల్లో ఉన్న నీరు ఆవిరైంది.

అప్పుడే పీకిన చెనిక్కాయలో బరువులో 40 శాతం దాకా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, నీరే. నిల్వకు పనికొచ్చే కాయలో 8, 9 శాతం ఉంటుంది. మీ లెక్క వేసి చూద్దాం. 440 కిలోల్లో 40 శాతం నీరు తీసేస్తే ఎండు సరుకు 264 కిలోలు. అందులో 9 శాతం తేమ మిగిలేలా ఆరబెడితే వచ్చే బరువు 290 కిలోలు. మీకు 296 వచ్చింది. అంటే ఒకటి రెండు బస్తాలు కొంచెం ఆరినవే వచ్చి ఉంటాయి. మీ నిజాయితీకి ఈ లెక్కే సాక్ష్యం. దీన్ని అలాగే సంఘ సభలో చదవండి. వడ్లకూ ఇదే వరస. మిషన్ కోత నుంచి 22 శాతం తేమతో నేరుగా వచ్చిన 75 కిలోల బస్తా, 14 శాతానికి ఆరితే 68 కిలోలే.

తప్పు మీ చేతుల్లో లేదు గానీ పుస్తకంలో ఉంది. ఒకే తూకం గడి పెట్టారు. రెండు పెట్టాలి. వచ్చిన రోజు తూకం ఒకటి, దాని పక్కనే “పచ్చి” అనో “ఆరినవి” అనో ఒక మాట. ఆరబెట్టాక తూకం రెండోది. అమ్మకం లెక్క ఎప్పుడూ రెండో తూకం నుంచే మొదలవ్వాలి. తూచేటప్పుడు కోశాధికారితో పాటు ఇంకొకరు, వీలైతే స్త్రీల సమాజం నుంచి ఒకరు, సంతకం పెట్టాలి. ఇచ్చినవాళ్ళకు అక్కడికక్కడే చీటీ ఇవ్వండి. గోనె సంచి బరువు తీసి రాయండి. ఒక్కో సంచి కిలోకు అటూ ఇటూ ఉంటుంది, 11 సంచులకు అదే పది కిలోలు.

కాయ ఆరిందో లేదో మిషన్ లేకుండా చూడాలంటే గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపండి, లోపల పప్పు గలగలమనాలి. పప్పును రెండు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు ఊడి రావాలి. కొరికితే పుటుక్కున విరగాలి, సాగకూడదు. మంచి ఎండ ఉంటే పలచగా పరిస్తే ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అరచేతి మందం కన్నా ఎత్తుగా పోయకండి, రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయండి, సాయంత్రం కుప్ప చేసి పట్ట కప్పండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. శనివారం వచ్చిన పచ్చి బస్తాలను మందిరం మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి, పండుగ హడావిడిలో వారం మరిచిపోవడం. లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. చెనిక్కాయ మీద పసుపుపచ్చగా, ఆకుపచ్చగా వచ్చే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. కడిగి, ఎండబెట్టి చట్నీకి వాడుకుందాం అనే మాట రానివ్వకండి. కోళ్ళకు, గేదెలకు కూడా పెట్టకూడదు. నష్టమైనా పారేయాల్సిందే.

ప్రశ్న: మా మందిరంలో వేలం పాట రసాభాస అవుతోంది. ఒక గుమ్మడికాయ ఐదువేలు పలికింది, ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అదే రోజు ఒక అవ్వ తెచ్చిన నాలుగు గుడ్లు ఇరవై రూపాయలకు పోతే కొందరు నవ్వారు. ఆమె మళ్ళీ రాలేదు. వేలం మానేద్దామా?
– జమ్మలమడుగు

మానక్కర్లేదు, తగ్గించండి. వేలంలో ఆనందం ఉంది, పిల్లలకు అదే పండుగ. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వచ్చిన ప్రతి వస్తువునూ పాటకు పెట్టినప్పుడు.

బస్తాల సరుకును పాటకు పెట్టకండి. దానికి మండీ ధర ఉంది. 2025-26 ఖరీఫ్‌కు వేరుశనగ కాయల మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు, అంటే కిలో 72 రూపాయల 63 పైసలు. ఏటా మారుతుంది కాబట్టి కొత్తది చూసుకోండి. ఆరిన కాయలను ఆ ధరకు తగ్గకుండా సంఘస్థులకు తూచి అమ్మండి. మిగిలింది ఇద్దరు వ్యాపారులను అడిగి ఎక్కువిచ్చిన వాళ్ళకు ఇవ్వండి. ఇలా చేస్తే సరుకులో ముప్పాతిక భాగం వేలం దాకా రాదు. పాటకు మిగిలేవి సరదా వస్తువులే. అన్నిటికన్నా పెద్ద గుమ్మడి, మొదటి అరటిగెల, బుట్టెడు చీనీకాయలు (బత్తాయిలు), ఒక పుంజు, స్త్రీల సమాజం చేసిన కజ్జికాయలు. పదిహేను, ఇరవై వస్తువులు దాటనివ్వకండి, ముప్పావు గంటలో ముగించండి.

చిన్న కానుకలను విడిగా ఎత్తి చూపకండి. నాలుగు గుడ్లు, దోసెడు అనపగింజలు, రెండు కట్టల గోంగూర, ఇంకొకరి తేనె సీసా అన్నీ ఒక గంపలో సర్దండి. పది ఇళ్ళ కానుకతో ఒక గంప అవుతుంది. ఎవరిది ఏదో తెలియదు, ధరా బాగా పలుకుతుంది.

పాట పాడినవాళ్ళు అప్పుడే కట్టాలి. చేతిలో లేకపోతే పుస్తకంలో తమ చేత్తో రాసి సంతకం పెట్టాలి, గడువు రెండు ఆదివారాలు. ఈ మాట పాట మొదలుకాక ముందు పైకి చదవాలి. ఐదువేల గుమ్మడికాయల్లో చాలా వాటికి ఇక్కడే గాలి పోతుంది. బాకీదారుల పేర్లు మాత్రం మందిరంలో చదవకండి, ఇద్దరు పెద్దలు ఇంటికి పోయి అడిగితే సరిపోతుంది. పాట పాడించే మనిషి, డబ్బు తీసుకునే మనిషి, రాసే మనిషి ముగ్గురూ వేరువేరుగా ఉండాలి.

కొన్న వస్తువును మళ్ళీ కానుకగా ఇచ్చేసి రెండోసారి పాట పాడించే అలవాటు మన సంఘాల్లో ఉంది. మంచి అలవాటే. కానీ ఒకే పుంజు మూడుసార్లు అమ్ముడైతే మూడు వరుసలుగా రాయండి. ఒకే వరుసలో కొట్టివేతలతో రాస్తే ఆడిట్ రోజు ఎవరికీ అర్థం కాదు.

ఆ అవ్వ దగ్గరికి మాత్రం పాస్టరమ్మ గారిని వెంటబెట్టుకుని మీరే పోండి. ఆ పని కమిటీకి వదలొద్దు.

ప్రశ్న: మాకు సెంటు భూమి లేదు, కూలికి పోతాం. పండుగ రోజు అందరూ బస్తాలు తెస్తుంటే ఉత్తచేతులతో పోవడానికి మనసు రాదు. మేం ఏం తేవాలి?
– పులివెందుల మండలం

పీకుడు అయిపోయిన చేలో మట్టి తవ్వి ఏరుకున్న కాయలు మీవే కదా. ఆ పరిగెలోంచి శేరెడు తెచ్చినా అది ప్రథమ ఫలమే. పొలం మూలల్ని పూర్తిగా కోయకుండా బీదలకు వదలాలని లేవీయకాండము 19:9లో రాశారు. బైబిల్లో రూతు ఏరింది కూడా పరిగే.

మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన ఇంకో దారి పిడికిలి బియ్యం. అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పిడికెడు నలభై, యాభై గ్రాములు ఉంటుంది. రెండుపూటలా వేస్తే నెలకు రెండున్నర నుంచి మూడు కిలోలు. ముప్పై ఇళ్ళు పట్టుదలగా చేస్తే నెలకు 75 నుంచి 90 కిలోలు. నాలుగు ఎకరాల రైతు తెచ్చే బస్తా దీని ముందు చిన్నదే. డబ్బా మూత గట్టిగా ఉండాలి, లోపల నాలుగు ఎండిన వేపాకులు వేయాలి. ప్రతి ఆదివారం మందిరంలో పోసేయడం మేలు, మూడు నెలలు ఇంట్లో పెట్టుకుంటే పురుగు పడుతుంది.

సంఘ పెద్దలకు కూడా ఇక్కడే ఒక మాట. ఇంటికింత అని ఎవరికీ లెక్క కట్టకండి. వచ్చిన ధాన్యంలో ఒక భాగం, పదో వంతో నాలుగో వంతో ముందే తీర్మానం చేసుకుని, భూమి లేని ఇళ్ళకు సోమవారం నాడు ఇంటి దగ్గరే ఇచ్చిరండి. వరుసలో నిలబెట్టి, ఫొటో తీసి ఇవ్వకండి.

ప్రశ్న: టౌన్ చర్చి మాది. జొన్న కంకులు, బుడ్డ చెట్లతో మందిరం అలంకరించాలని యవ్వనస్థులు అనుకుంటున్నారు. మామిడాకులు కట్టడంపై మాత్రం చర్చ నడుస్తోంది.
– కర్నూలు

జొన్న దంట్లు ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఉంటాయి. స్తంభానికి పది, పన్నెండు చాలు. కింద, నడుమ, కంకులకు అడుగు కింద మూడు చోట్ల పురికొసతో కట్టండి. ఒక్క చోటే కడితే మధ్యాహ్నానికి ఒరిగిపోతాయి. కొర్ర కంకులు పసుపు తిరిగాక, పూర్తిగా ఎండక ముందే అడుగున్నర కాడతో కోసి, నీడలో తలకిందులుగా రెండు మూడు రోజులు వేలాడదీయాలి. చేలోనే ముదరబెట్టి కోస్తే ముట్టుకోగానే గింజ రాలుతుంది. బుడ్డ చెట్లు మట్టి దులిపి తెచ్చుకోవాలి, లేకపోతే తెల్లచీరలన్నీ ఎర్రమన్ను. ఆకు ఒక్క రాత్రికే వాడిపోతుంది కాబట్టి అవి శనివారం పొద్దుపోయాకే కట్టండి.

కొవ్వొత్తులకు, ఎండు చొప్పకు కనీసం ఆరడుగుల దూరం ఉండాలి. ట్యూబులైట్ల మీదకు, ఫ్యాన్ కిందకు ఆకు వేలాడనివ్వకండి. చెరకు పెడితే కోసిన మొదలుకు కవరు చుట్టి దారం కట్టండి, లేకపోతే తెల్లారేసరికి చీమల బారు. బస్తాలు ప్రభు భోజనానికి మోకరించే చోట వద్దు, గోడల వెంట పేర్చి నడవ నాలుగడుగులు ఖాళీగా ఉంచండి. మేకలు, కోళ్ళు బయట చెట్టు కింద ఉండాలి, పక్కన నీళ్ళ తొట్టి పెట్టాలి.

మామిడాకుల సంగతికొస్తే, ఆకుకు మతం లేదు. అయినా నలుగురి మనసు నొచ్చుతుందంటే పట్టు పట్టకండి. జొన్న ఆకునే మడిచి దారానికి కుచ్చితే తోరణం అందంగా ఉంటుంది, పైగా అది మీ పొలానిదే.

ప్రశ్న: ప్రేమవిందుకు 200 మంది వస్తారు, అందులో యాభై మంది పిల్లలు. సంగటి, నాటుకోడి చేయాలని ఉంది. సరుకుల లెక్క, జాగ్రత్తలు చెప్పండి.
– గుత్తి

మనిషికి ఒక ముద్ద సంగటి, పైన కొంచెం అన్నం అనుకుని లెక్క చెబుతున్నాం. ముద్ద పావుకిలో ఉంటుంది. దానికి బియ్యం లేదా నూకలు 7 కిలోలు, రాగిపిండి 8 కిలోలు, నీళ్ళు 37 లీటర్లు. అన్నానికి బియ్యం 16 కిలోలు. పప్పుకు కందిపప్పు 5 కిలోలు. ఊరుబిండికి, అంటే చెనిక్కాయల పచ్చడికి, వేయించిన చెనిక్కాయ పప్పు రెండున్నర కిలోలు. మజ్జిగకు పెరుగు 15 లీటర్లు, నీళ్ళు దానికి రెండింతలు. తాగే నీళ్ళు 20 లీటర్ల క్యాన్లు 15.

సంగటి ఒకే డేగిసాలో వద్దు. పదిహేను కిలోల సంగటి కెలకడం ఇద్దరు మనుషుల వల్ల కాదు, అడుగున మాడుతుంది, నడుమ పిండి ఉండలు మిగులుతాయి. మూడు గిన్నెలుగా విడగొట్టండి. బియ్యం బాగా మెత్తబడ్డాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో నడుమ ఒక రంధ్రం చేసి, మూతపెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు కదపకుండా వదలాలి. పిండి ఆవిరికి ఉడికాకే కెలకాలి. తొందరపడి పోసిన వెంటనే కలిపితే ఉండలు కడతాయి, ఆ తర్వాత ఎంత కెలికినా పోవు. ముద్దలు చేసేవాళ్ళు చల్లనీళ్ళ గిన్నె పక్కన పెట్టుకోవాలి.

కోడి మాంసం శుభ్రం చేశాక 28 నుంచి 30 కిలోలు ఉండాలి. ప్రాణంతో తూకం 43, 45 కిలోలు తీసుకుంటే అంత వస్తుంది. నాటుకోళ్ళు సరిపోక కొన్ని బ్రాయిలర్ కోళ్ళు కలపాల్సి వస్తే వేరే గిన్నెలో వండండి. నాటుకోడి ఉడకడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, బ్రాయిలర్ అరగంటకే అయిపోతుంది. కలిపి వండితే ఒకటి పీచుపీచుగా విడిపోతుంది, ఇంకొకటి నమలడానికి రాదు. మసాలాకు ఎండుకొబ్బరి, ధనియాలు, గసాలు ముందురోజు నూరుకోవచ్చు. మాంసం మాత్రం ముందురోజు రాత్రి వండొద్దు. తెల్లవారి ఐదింటికి పొయ్యి దించి మధ్యాహ్నం రెండింటికి వడ్డించినా ప్రమాదమే. ఆరాధన పదింటికి మొదలై పన్నెండున్నరకు ముగిస్తే, పులుసు పన్నెండుకు అయ్యేలా పొయ్యి వెలిగించండి. ఆలస్యమైతే మళ్ళీ తెర్లేదాకా మరగబెట్టే వడ్డించాలి. పప్పును పెద్ద డేగిసాలో మూత బిగించి వదిలితే ఎండకు పులుస్తుంది, మూత ఓరగా పెట్టండి.

తీపికి కొర్ర పాయసం చేయండి, పండిన పంట విస్తట్లో కనబడుతుంది. కొర్రబియ్యం రెండున్నర కిలోలు గంటసేపు నానబెట్టి 8 లీటర్ల నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. కాచిన పాలు 6 లీటర్లు, బెల్లం మూడున్నర కిలోలు. బెల్లాన్ని మంట మీద ఉన్న పాలలో వేస్తే విరిగిపోతాయి. విడిగా కరిగించి, వడకట్టి, పొయ్యి దించి కొంచెం చల్లారాక కలపండి.

దీపావళి తరవాత పెట్టుకున్న సంఘాలు గుర్తుంచుకోవాల్సింది, అది కార్తీకం. పిలిచిన ఇరుగుపొరుగులో చాలామంది ఆ నెల మాంసం ముట్టరు. పప్పు, గుత్తివంకాయ వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో వండించి ముందు వాళ్ళకు వడ్డించండి. బంతిలో మొదట పిల్లలు, ముసలివాళ్ళు కూర్చోవాలి. వేలం పాట జరుగుతుండగానే ఆ మొదటి బంతి తినేయొచ్చు.

ప్రశ్న: వానలు లేక పంట పోతే కూడా కోత పండుగ చేయాలా?
– రాయదుర్గం

చేయాలి, వేలం లేకుండా. ఆ ఏడు చదవాల్సిన వాక్యం హబక్కూకు 3:17, 18. పొలంలో ఏమీ పండకపోయినా సంతోషిస్తానన్న మాట అక్కడ ఉంది. కానుక డబ్బును విందుకు పెట్టకుండా విత్తనానికి పెట్టండి. చెనిక్కాయకు ఎకరానికి 60 కిలోల దాకా విత్తనపు పప్పు కావాలి, సంఘం భరించలేదు. కొర్రకు ఎకరానికి రెండు కిలోలు చాలు. పంట పండిన ఏడు కానుకగా వచ్చిన కొర్రల్లో మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, ఒక క్యాన్‌లో గాలి చొరకుండా దాచండి. కొర్ర తనంతట తానే ఫలదీకరణం చెందే పంట కాబట్టి విత్తనం రకం మారదు. ఇరవై కిలోలతో పది ఎకరాలు విత్తుకోవచ్చు.

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలు డబ్బు కాకుండా తాము పండించింది తేవాలని మా ఆశ. ఏ విత్తనాలు ఇవ్వాలి?
– సండే స్కూల్ టీచర్, ప్రొద్దుటూరు

పండుగ నవంబరు మొదట్లో అయితే జూన్ చివర గుమ్మడి విత్తనాలు ఇవ్వండి, 100 నుంచి 120 రోజులు పడుతుంది. పిల్లకు నాలుగు గింజలు ఇస్తే ఒకటైనా నిలుస్తుంది. మర్చిపోయిన పిల్లలకు సెప్టెంబరు మొదటివారం మటిక్కాయ (గోరుచిక్కుడు), బీర ఇవ్వండి. యాభై, అరవై రోజుల్లో కాస్తాయి. మిద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకు సిమెంటు సంచిలో మట్టి, పశువుల ఎరువు సగం సగం నింపి, అడుగున నాలుగు చిల్లులు పెట్టించండి. చిల్లులు పెట్టడం మరిస్తే ఒక్క వానకే వేరు కుళ్ళుతుంది. ఎవరి కాయ పెద్దదని బహుమతి పెట్టకండి. పెడితే వాళ్ళ నాన్నలు సంతలో కొనుక్కొస్తారు.

ప్రశ్న: పండుగయ్యాక మిగిలిన కూరగాయలు, పప్పుధాన్యాలు మందిరంలోనే పాడైపోతున్నాయి.
– తాడిపత్రి

ఆకుకూరలు, టమోటాలు ఆదివారం సాయంత్రమే పంచేయాలి. సోమవారం దాకా ఆగితే ఎవరూ తీసుకోరు. చీనీకాయలు నీడలో వారం, పది రోజులు ఆగుతాయి, దెబ్బ తగిలినవి వేరు చేస్తేనే. గుమ్మడి తొడిమ విరగకుండా ఉంటే రెండు మూడు నెలలు నిలుస్తుంది, నేల మీద కాకుండా చెక్క మీద వరసగా పెట్టండి. ఉల్లిగడ్డలు సంచిలో కుక్కకుండా గాలి తగిలేలా పరచాలి. కందులు, శనగలు అలాగే ఉంచితే నెలన్నరలో పుచ్చుతాయి. బాగా ఎండబెట్టి, వెంటనే పప్పు పట్టించి హాస్టల్‌కో వృద్ధాశ్రమానికో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదును కానుకల పుస్తకంలో అదే ఏడాది పేజీకి అంటించండి.